అత్తగారి పక్షవాతం: మరిది సాయానికి రావడం లేదన్నవారికి

పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారిని చూసుకుంటూ నిద్ర కరువైందని రాశారు. దానికి కారణం రాత్రి పని పంచుకునే మనిషి లేకపోవడమే. కూకట్‌పల్లిలోనే ఉన్న మరిది "ఏమైనా కావాలంటే చెప్పు వదినా" అని ఊరుకుంటున్నాడన్నారు. ఏ పని, ఏ రోజు అన్నది చెప్పారా? చాలామంది వదిలేసేది ఇదే.

1. రోజు మొత్తం పనులు వేళలతో రాయండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, తెల్లవారుజామున తడిసిన దుప్పటి మార్చడం, అన్నీ.

2. "శనివారం రాత్రి నీది" అని కాగితం చేతికివ్వండి. మొహమాటం వద్దు. మా నాన్నగారి విషయంలో నేను నడుము పట్టేసేదాకా అడగలేదు, ఇప్పటికీ బాధపడుతున్నాను.

3. 14567, వృద్ధుల హెల్ప్‌లైన్. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు, ఉచితం.

4. మీకే దిగులు ముంచుకొస్తే 14416, టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు.