కువైట్ ప్రేమకథ రాస్తున్న కుర్రాడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు చదివాను. కువైట్‌లో ఇంటిపనికి పోయిన రాజంపేట అమ్మాయి, అక్కడే డ్రైవర్‌గా ఉన్న జగిత్యాల అబ్బాయి. ‘హలో, లవ్, గుడ్‌బై’ అనే ఫిలిపినో సినిమా చూశాక ఈ కథ తట్టిందన్నావు. చూడాల్సిన సినిమానే చూశావు. కాకపోతే అందులోని వీడ్కోలును తెచ్చుకున్నావు, ఆ వీడ్కోలు ఎందుకు వచ్చిందో దాన్ని మాత్రం వదిలేశావు.

2019లో క్యాథీ గార్సియా మోలినా తీసిన ఆ సినిమాలో జాయ్ హాంగ్‌కాంగ్‌లో ఒకరింట్లో పనిచేస్తుంది. ఈథన్ బార్‌లో పనివాడు. ఇద్దరూ ఫిలిపినోలే. అడ్డుపడే తండ్రి లేడు, కులం గొడవ లేదు. మరి ఎందుకు విడిపోవాలి? ఆమె కెనడా వెళ్ళాలనుకుంటోంది, అతను హాంగ్‌కాంగ్‌లో శాశ్వత నివాసం కోసం ఎదురుచూస్తున్నాడు. దీని వెనక ఒక రూలుంది. మామూలు ఉద్యోగ వీసా మీద ఏడేళ్ళు ఉన్న విదేశీయులు అక్కడ శాశ్వత నివాసం అడగొచ్చు. ఇంటిపని వాళ్ళు ఇరవై ఏళ్ళున్నా అడగడానికి లేదు. ఒక ఫిలిపినో మహిళ దీని మీద కోర్టుకెక్కితే, 2013లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కూడా లేదనే చెప్పింది. అదే ఊళ్ళో ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ అతనికి ఏదో ఒకటి దక్కుతుంది, ఆమెకి దక్కేదేమీ లేదు. ‘ఇక్కడే ఉండిపోవచ్చుగా’ అని అతను ప్రేమతోనే అనొచ్చు. ఆమెకి మాత్రం ఆ మాటలో జీవితాంతం వేరేవాళ్ళ వంటగదే కనపడుతుంది. నీ కథలో ఈ ఇద్దరి వీసా కాగితాల మీద ఏముందో ఒక్క సీన్‌లోనూ లేదు. హీరోయిన్ కళ్ళ గురించి మాత్రం రెండు పేజీలు రాశావు.

ఇంకోటి, ప్రేమించుకోవడానికి వాళ్ళకి టైమెక్కడిది? హాంగ్‌కాంగ్‌లో 2003 నుంచి ఇంటిపని వాళ్ళు యజమాని ఇంట్లోనే ఉండి తీరాలి. వారానికి ఒక్క సెలవు, ఎక్కువమందికి ఆదివారం. ఆరోజు సెంట్రల్ ప్రాంతమంతా ఫిలిపినో ఆడవాళ్ళే. చేటర్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు. అట్టపెట్టెలు విప్పి నేల మీద పరుచుకుని కూర్చుంటారు, అన్నం తింటారు, జుట్టు కత్తిరించుకుంటారు, డాన్సులు ప్రాక్టీసు చేస్తారు, ఇంటికి పంపే పెట్టెలు సర్దుకుంటారు. పక్కనున్న వరల్డ్‌వైడ్ హౌస్‌లో డబ్బు పంపించే కౌంటర్ల ముందు క్యూలు. రాత్రి చెప్పిన టైముకల్లా ఇల్లు చేరాలి, లేకపోతే మేడమ్‌కి కోపం. ఇలాంటి చోట ఇద్దరు ప్రేమికులు ఒంటరిగా కూర్చోవడానికి ఒక గది ఉండదు. వాళ్ళ ప్రేమంతా వేలమంది మధ్యలో, వారానికి ఒక్కరోజు. కాంట్రాక్టు మధ్యలో ఉద్యోగం పోతే రెండు వారాల్లో ఊరు వదిలిపోవాలి. 1987 నుంచి ఉన్న నియమం ఇది. కథలో టెన్షన్ కావాలని నువ్వు ఒక రౌడీని పెట్టావే, అంత అవసరమా? ఆ రెండు వారాలు చాలవూ?

ఇప్పుడు నీ కువైట్‌కి వస్తాను. నీ హీరోయిన్‌కి ఇరవై రెండేళ్ళన్నావు. ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు మీద గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళాలంటే ఆడవాళ్ళకి ముప్పై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. అయితే ఈ పిల్ల ఎలా వెళ్ళింది? విజిట్ వీసా మీదా? పాస్‌పోర్టులో వయసు మార్పించిందా? ఏజెంటుకి ఎంత కట్టింది, ఎవరి దగ్గర అప్పు తెచ్చింది? వాటికి జవాబు వెతుక్కుంటే నీ మొదటి ఇరవై పేజీలు నీకే మారిపోతాయి.

పద్నాలుగో సీన్‌లో నీ హీరో ఆమెని రాత్రిపూట బైక్ మీద సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్ళాడు. ఇంట్లోంచి ఎలా బయటికొచ్చింది నాయనా? వారానికో సెలవు ఇవ్వాలని కువైట్‌లో 2015లో చట్టం వచ్చింది నిజమే, చాలా ఇళ్ళలో అది గుమ్మం దాటి లోపలికి రాలేదు. చెప్పకుండా బయటికి పోతే, ఆమె పారిపోయిందని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కేసు పెడతాడు. అఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, పోతుంది. ఆ పిల్ల ఖల్లివెల్లి అయిపోతుంది, కాగితాల్లేకుండా దాక్కుని బతకాలి. అంత పెద్ద అడుగు నీ స్క్రిప్టులో ఐస్‌క్రీమ్ తినడానికి వేయించావు.

నేనైతే ఇద్దర్నీ ఒకే ఇంట్లో పెడతాను. అతను ఇంటి డ్రైవరు, ఆమె ఇంటి పనిమనిషి. మేడమ్‌తో కలిసి జమియాకి, అంటే అక్కడి సహకార సూపర్‌మార్కెట్‌కి, సరుకులకు వెళ్ళినప్పుడే ఒకే కారులో ఉంటారు. వెనక సీట్లో మేడమ్ పక్కన ఆమె, ముందు అతను, మధ్యలో అద్దం. తెలుగులో మాట్లాడుకుంటే మేడమ్‌కి అర్థం కాదు, కానీ నవ్వితే అర్థమవుతుంది. ముఖంలో ఏమీ కనపడకుండా, కూరగాయల లిస్టు చదువుతున్నట్టు ఒక ప్రేమ సంభాషణ రాసి చూడు. కడప యాస, తెలంగాణ యాస రెండూ అందులో వినపడాలి, ఇప్పుడు ఇద్దరూ న్యూస్ చదువుతున్నట్టు మాట్లాడుతున్నారు.

ఆ సినిమా ఒక చోట సులువు దారి పట్టిందని నా అభిప్రాయం. ఇద్దరినీ పెళ్ళికానివాళ్ళను చేసింది. ఫిలిప్పీన్స్‌లో ముస్లింలకు తప్ప విడాకుల చట్టమే లేదు. ఊళ్ళో మొగుడో పెళ్ళామో ఉండి, పరాయి దేశంలో ఇంకొకరికి దగ్గరైనవాళ్ళ కథ ఇంకా కష్టం. మన రాజంపేట, రాయచోటి వైపు నుంచి పోయేవాళ్ళలోనూ, నేను చూసినంతలో, పెళ్ళయి పిల్లలున్నవాళ్ళే ఎక్కువ. నీ హీరోయిన్‌కి ముప్పై రెండేళ్ళు చేసి, రోజూ రాత్రి ఫోన్‌లో ఐఎంవో వీడియో కాల్‌లో కూతురితో మాట్లాడించగలవా? అప్పుడు డ్రైవర్‌తో ఆమె మాట్లాడే ప్రతి మాటకీ వెనకాల ఆ ఫోన్ ఉంటుంది. ఆమెను తప్పుపట్టకు, వెనకేసుకురాకు కూడా. నిర్మాతలు భయపడతారు, అది వేరే సంగతి.

ఒక చిన్న మాట. 1988లో అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షురాలు కొరజోన్ అక్వినో విదేశాల్లో పనిచేసే ఫిలిపినోలను కొత్త వీరులన్నారు, ఆ బిరుదు ఇప్పటికీ వాళ్ళకి ఉంది. నీ క్లైమాక్స్‌లో ఊరంతా చప్పట్లు కొట్టి హీరోయిన్‌ని పొగిడే సీన్ అలాంటిదే, పొగడ్తతో ఆమె కష్టం తీరదు. తీసెయ్.

మొత్తం తిరగరాయొద్దు. ముందు ఆ కారు సీన్ ఒక్కటే రాసి పంపు, నాలుగు పేజీలకి మించకుండా. ఫోన్‌లో ఫోటోలు తీసి పంపకు, నా కళ్ళకి ఆనవు. పోస్టులో వెయ్యి.

ఉంటాను.