గుద్దుకున్న కారులోని పిల్లల సీటు మళ్లీ వాడొచ్చా?

ప్రశ్న: పోయిన నెల విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాటినంక ముందున్న డీసీఎం (సరుకుల లారీ) సడన్‌గా బ్రేక్ కొట్టింది. మా కారు వెళ్లి దాని వెనక గుద్దింది. బానెట్ లేచింది, రేడియేటర్ పగిలింది. క్రేన్ పెట్టి నల్గొండ షెడ్డుకు గుంజుకొచ్చినం. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు, ఎవరికీ దెబ్బ తాకలేదు. వెనక చైల్డ్ సీట్లో ఉన్న మా రెండేండ్ల పాపకు గీత కూడా పడలేదు. సీటు కొత్తదాని లెక్కనే ఉంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదు కాబట్టి సీటుకు ఏం కాదని మెకానిక్ అంటున్నడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: సీటు మార్చండి. పాపకు గీత పడలేదంటే ఆ దెబ్బను సీటు, బెల్టులు తమ మీద వేసుకున్నాయన్నమాట. లోపల ఉండే థర్మోకోల్ లాంటి ఫోమ్ నలిగి దెబ్బను మింగుతుంది. నలిగిన ఫోమ్ మళ్లీ ఉబ్బదు. భుజాల పట్టీలు ఒకసారి గట్టిగా సాగితే ఇంకోసారి అంత సాగలేవు. ప్లాస్టిక్ డొల్లలో వెంట్రుకంత బీట పడినా పై గుడ్డ కప్పేస్తుంది.

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవడం ఒక్కటే లెక్క కాదు. డీసీఎం వెనక భాగం ఎత్తుగా ఉంటుంది, కారు ముక్కు దాని కిందికి దూరుతుంది. అలాంటప్పుడు బండి బాగా దెబ్బతిన్నా ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవచ్చు.

అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చెప్పే లెక్క ఇంటికి పనికొస్తుంది. గుద్దిన తర్వాత కారు తన ఇంజిన్ మీదే కదిలి వెళ్లగలగాలి, పిల్లల సీటుకు దగ్గరి తలుపు దెబ్బతినకూడదు, కారులో ఎవరికీ గాయం కాకూడదు, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకూడదు, సీటు మీద కంటికి కనిపించే దెబ్బ ఉండకూడదు. ఈ ఐదూ నిజమైతేనే అది చిన్న ప్రమాదం. ఒక్కటి తప్పినా సీటు మార్చాలి. మీ కారు క్రేన్ మీద వచ్చింది, లెక్క అక్కడే తప్పింది. ఐదూ సరిపోయినా, మీ సీటుతో వచ్చిన పుస్తకంలో ‘ఏ ప్రమాదం తర్వాతైనా మార్చాలి’ అని రాసి ఉంటే ఆ మాటే పాటించాలి. కొన్ని కంపెనీలు అలాగే రాస్తాయి.

నమ్మకం కుదరకపోతే గుడ్డ విప్పి పగటి వెలుగులో చూడండి. బెల్టు దూరే సందుల దగ్గర, భుజాల పట్టీ రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ మీద సన్నని తెల్ల గీతలుంటే అది వంగి వచ్చిన మచ్చ. తల పక్కన ఫోమ్‌ను బొటనవేలితో తడమండి, చీలిక ఉంటే గోరుకు తగులుతుంది. పట్టీ అంచులు నూగుగా లేచాయా, ఒక చోట నిగనిగలాడుతున్నాయా చూడండి. అయితే ఈ పరీక్షతో సీటు పాడైందని చెప్పొచ్చు గానీ, బాగుందని మాత్రం చెప్పలేం. ఏమీ కనిపించలేదని మళ్లీ బిగించొద్దు.

షెడ్డులో ఇంకో రెండు పనులు చెప్పండి. సీటును పట్టి ఉంచిన కారు బెల్టును చివరిదాకా లాగించి చూడాలి. సాఫీగా వెనక్కి చుట్టుకోకపోయినా, మధ్యలో రాపిడి గుర్తులున్నా కొత్తది వేయించాలి. ఐసోఫిక్స్ (బెల్టు బదులు పిల్లల సీటును నేరుగా కారుకు తగిలించే ఏర్పాటు) ఉంటే కారు వెనక సీటు సందులో రెండు కడ్డీలుంటాయి. 6 మిల్లీమీటర్ల లావు, వాటి మధ్య 280 మిల్లీమీటర్ల దూరం. ఒకటి వంగినా కొత్త సీటు సరిగా కూర్చోదు.

ప్రశ్న: జడ్చర్లలో ఇంటి గేటు స్తంభానికి రివర్స్‌లో తగిలింది. బంపర్ సొట్టపోయింది. పిల్లల సీటు ఖాళీగానే ఉంది.

జవాబు: పై ఐదు షరతులూ సరిపోతే, పుస్తకం ఒప్పుకుంటే వాడుకోండి. ఒక్క మాట, సీటు ఖాళీగా ఉండటం మాత్రం మినహాయింపు కాదు. పెద్ద ప్రమాదమైతే ఖాళీ సీటు కూడా తన బరువుతో బెల్టునూ కొక్కేలనూ లాగుతుంది, దాన్నీ మార్చాల్సిందే.

ప్రశ్న: ఇన్సూరెన్స్‌లో కారు రిపేరుతో పాటు పిల్లల సీటు డబ్బులు కూడా వస్తాయా?
— ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ కంపెనీ నుంచి రాదు. ఓన్ డ్యామేజ్ (మీ సొంత కారు నష్టానికి బీమా) కూడా ఉంటే, ముందు పాలసీ కాగితంలో ‘నాన్ ఎలక్ట్రికల్ యాక్సెసరీస్’ గడి చూడండి. అక్కడ సీటు విలువ రాయించి ఉంటే అడగడం తేలిక. సున్నా ఉంటే కాదనే అవకాశం ఎక్కువ, అయినా రాతపూర్వకంగా అడగండి. ప్లాస్టిక్ భాగాలకు మామూలు పాలసీలో 50 శాతం తరుగుదల కోస్తారు, జీరో డిప్రిసియేషన్ ఉంటే ఆ కోత తప్పుతుంది. 1500 సీసీ లోపు కార్లకు 1000 రూపాయలు, ఆపైన 2000 ఎలాగూ మీ చేతి నుంచే పోతాయి.

అందుకే సీటు కోసమే విడిగా క్లెయిమ్ పెట్టి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోగొట్టుకోకండి. కారుకు ఎలాగూ పెడుతున్నప్పుడు అందులోనే కలపండి. నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ వచ్చేదాకా సీటును కారులోంచి తీయొద్దు. బిగించి ఉన్నట్టే ఫొటోలు, అడుగున ఉన్న మోడల్, సీరియల్ నంబర్ స్టిక్కర్ ఫొటో, కొన్న బిల్లు ఇవ్వండి. సర్వేయర్ నోటి మాట చాలదు, నష్టం జాబితాలో సీటు రాశారో లేదో మెయిల్‌లో అడిగి తేల్చుకోండి.

క్లెయిమ్ తేలాక పాత సీటును పాత సామాన్ల బండికి ఉన్నపళంగా ఇవ్వొద్దు. కత్తెరతో పట్టీలన్నీ కోసి, గుడ్డ తీసేసి, డొల్ల మీద మార్కర్‌తో ‘యాక్సిడెంట్ అయిన సీటు, వాడొద్దు’ అని పెద్దగా రాయండి. లేకపోతే కడిగి ఇంకొకరికి అమ్ముతారు, ఆ ఇంటి బిడ్డ అందులో కూర్చుంటుంది.

ప్రశ్న: మా వదినె వాళ్ల పాప సీటు ఇస్తమంటున్నరు. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ కూడా రెండు వేలకు దొరుకుతున్నయ్. కొత్తది వచ్చేదాకా బాబును ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: వదినె గారి సీటైతే వాళ్ల కారు ఎప్పుడైనా గుద్దుకుందా అని నేరుగా అడగొచ్చు, నిజం తెలుస్తుంది. ముక్కూ మొఖం తెలియని వాళ్ల దగ్గర ఆ చరిత్ర దొరకదు, కొనకండి. తీసుకునే ముందు సీటును బోర్లించి చూడండి. ప్లాస్టిక్‌లోనే అచ్చుపోసిన చిన్న గడియారం లాంటి గుర్తు చాలా సీట్లకు ఉంటుంది, మధ్యలో సంవత్సరం, బాణం చూపించేది నెల. ఎన్నేళ్లు వాడాలో పుస్తకంలోనో స్టిక్కర్ మీదో ఉంటుంది. మన ఎండలకు బయట నిలిపిన కారులో ప్లాస్టిక్ ఇంకా త్వరగా పెళుసవుతుంది. పిల్లల సీట్ల భద్రతా ప్రమాణాలైన ఏఐఎస్ 072 (మన దేశానిది) లేదా ఈసీఈ ఆర్44/04, ఆర్129 గుర్తు లేని సీటు ఎవరిచ్చినా వద్దనండి.

ఒళ్లో మాత్రం వద్దే వద్దు. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు సెకనులో పదో వంతులో ఆగిపోతే 10 కిలోల బిడ్డ దాదాపు 140 కిలోల బరువుతో ముందుకు లాగుతాడు. ఆ బరువును ఏ తల్లి చేతులూ ఆపలేవు. పైగా 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద 1000 రూపాయల జరిమానా ఉంది. ఆ నాలుగు రోజులు కారు ప్రయాణం మానుకోండి, లేదా తెలిసినవాళ్ల సీటు తెచ్చుకోండి.

కొత్తది బిగించాక బెల్టు దూరే చోట పట్టుకుని అటూ ఇటూ ఊపండి, అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. బాబును కూర్చోబెట్టి బకిల్ పెట్టాక భుజం ఎముక దగ్గర పట్టీని నిలువుగా చిటికెతో పట్టి చూడండి. మడత దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టే, మళ్లీ లాగండి.