ఉదయం ఇంజన్ వణుకుడు: ట్యాంకులో పోసే క్లీనర్‌తో ఎందుకు తగ్గలేదు

మీ టర్బో పెట్రోల్ కారు 80 వేల కిలోమీటర్లు తిరిగింది, ఉదయం స్టార్ట్ చేయగానే వణుకుతోంది, ట్యాంకులో రెండు సీసాల క్లీనర్ పోసినా తేడా లేదన్నారు. ఇన్‌టేక్ వాల్వుల (సిలిండర్‌లోకి గాలిని వదిలే మూతలు) మీద పేరుకున్న కార్బన్ మసి వల్లే అయితే తేడా రాదండి. మీది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ అయితే, పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోనే పడుతుంది, ఆ వాల్వుల వెనక వైపు తగలదు. పాత పద్ధతి ఇంజన్లలో ఆ వాల్వుల్ని పెట్రోలే కడిగేది. ఇక్కడ ఇంజన్ అడుగున ఉండే క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వేడి వాల్వుల మీద మాడి, మూకుడు అడుగున జిడ్డులా గట్టిపడుతుంది. టయోటా కొన్ని ఇంజన్లలో పోర్టు దగ్గర (వాల్వులకు ముందున్న గాలి దారిలో) కూడా పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు పెట్టింది, వాటికి ఈ బాధ తక్కువ.

అలాగని వెంటనే విప్పించకండి. ముందు స్కానర్ పెట్టించి ఏ సిలిండర్‌లో మిస్‌ఫైర్ (పెట్రోల్ సరిగా మండకపోవడం) ఉందో చూడండి. దాని స్పార్క్ ప్లగ్గు, ఆ ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ పక్క సిలిండర్‌కు మార్చండి. మిస్‌ఫైర్ కూడా అటు మారితే తప్పు ప్లగ్గుదో కాయిల్‌దో, చౌకలో తేలిపోయినట్టే.

మారకపోతే ఇంజన్ లోపలికి దూర్చి చూసే బోరోస్కోప్ కెమెరాతో వాల్వులు చూపించమనండి. కార్బన్ మందంగా ఉంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) విప్పి వాల్‌నట్ పెంకు పొడిని గాలి ఒత్తిడితో కొట్టించడమే సరైన దారి. ఆ సిలిండర్ ఇన్‌టేక్ వాల్వులు పూర్తిగా మూసి ఉన్నప్పుడే కొట్టాలి, లేకపోతే పొడి లోపలికి పోతుంది. ఈ మాట మెకానిక్‌ను తప్పకుండా అడగండి. ఇంజన్ నడుస్తుండగా స్ప్రే కొట్టే పద్ధతికి, అదీ టర్బో బండికి, నేనైతే ఒప్పుకోను. ఊడిన పెచ్చులు టర్బోను దెబ్బతీయొచ్చు.

చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం బండి తిప్పకండి, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. స్కాన్‌లో వచ్చిన కోడ్ రాయండి, చూసి చెబుతాను.