గైడ్‌తో పాసయ్యే అబ్బాయి వ్యాపారం చేయగలడా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె, నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. మా అబ్బాయి నల్గొండలో బీకాం రెండో ఏడాది. పరీక్ష ముందు రాత్రి గైడ్ తిరగేస్తాడు, రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్. ఉద్యోగం వద్దు, బత్తాయి వ్యాపారం చేస్తా, 3 లక్షలు ఇవ్వమంటున్నాడు. చదవనివాడు వ్యాపారం ఏం చేస్తాడని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ 3 లక్షలు ఇప్పుడే ఇవ్వకండి. అలాగని ‘నీ మొహానికి వ్యాపారమా’ అని కూడా అనకండి. మార్కులు చూసి ఈ విషయం తేల్చలేం. ఎలా చదువుతున్నాడో చూస్తే మాత్రం చాలా తెలుస్తుంది.

గైడ్‌లో ముఖ్యమైన ప్రశ్నలు ఇంకెవరో ఏరిపెడతారు. డిగ్రీ అంతా అలాగే నెట్టుకొస్తే ఒకరు చెప్పిందే నమ్మే అలవాటు పడుతుంది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి వ్యాపారం మీద మోజు రీల్స్ చూసి పుడుతుంది, పుస్తకం తప్పుతుందన్న ఆశ కూడా తోడవుతుంది. తనంతట తాను ఆరా తీసే అలవాటున్నవాడి సంగతి వేరు. విషయం తెలిసేకొద్దీ ‘ఇది నేను చేయగలను’ అన్న ధైర్యం వాడికి వస్తుంది. క్లాసులో వెనకబడ్డవాళ్లలోనూ ఇలాంటివాళ్లు ఉంటారు.

మీవాడు ఏ రకమో తేల్చడానికి మీ తోటే చాలు. రాత్రి భోజనాల దగ్గర అడగండి: పోయిన పంట టన్ను ఎంతకు పోయింది? వ్యాపారి తరుగు (తూకంలో కోత) ఎంత తీశాడు? హమాలీ, లారీ కిరాయి పోను చేతికి ఎంత వచ్చింది? తెలియదంటే తిట్టకండి. వారంలో కనుక్కొని వస్తాడా అన్నదే చూడండి. వస్తే, ఈ సీజన్‌లో సెలవు రోజుల్లో మార్కెట్‌కు పంపి, రోజు ధర, తరుగు, కొన్నవాడు సరుకు ఎక్కడికి పంపుతున్నాడో నోట్‌బుక్‌లో రాయమనండి. మొదటి రోజు అందరూ రాస్తారు. నాలుగో వారం పేజీ ఎలా ఉందో మీరే తిప్పి చూడండి.

అది బాగుంటే డబ్బు పెద్ద సమస్య కాదు. ముద్ర పథకం శిశు విభాగంలో తాకట్టు లేకుండా 50 వేల వరకు రుణం ఇస్తారు, కొనుగోలు–అమ్మకాలకూ వర్తిస్తుంది. తర్వాత ఎప్పుడైనా జ్యూస్ యూనిట్ లాంటిది పెట్టాలనుకుంటే, చిన్న ఆహార పరిశ్రమలకు పీఎంఎఫ్‌ఎంఈ అనే కేంద్ర పథకం కింద 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు, ఇస్తూ వచ్చారు; అప్పటికి అది అమల్లో ఉందో లేదో కనుక్కోండి.

అన్నట్టు, ఆ బ్యాక్‌లాగ్‌లలో అకౌంటింగ్ ఉందా? ఉంటే ముందు అది క్లియర్ చేయమనండి, ఈసారి గైడ్ లేకుండా.