రెండుంబావుకు వచ్చే నొప్పి

బిడ్డా,

నీ కథ అందింది. దేవరకొండ బస్టాండు, బత్తాయి తోటలో కూలి లెక్క దగ్గర జరిగిన పంచాయితీ బాగా కుదిరాయి, వాటి జోలికి పోకు. నేను రాయాలనుకున్నది నాయనమ్మ అర్ధరాత్రి తలనొప్పితో లేచే చోటు గురించి. "తలలో వేయి సమ్మెటలు మోగాయి" అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్. ఆ సమ్మెటలు నువ్వు విన్నవి కావు, ఎక్కడో చదివినవి. నాకు ఏడేళ్లుగా ఆ నొప్పి ఉంది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

నిద్రలో తప్ప రాదు ఇది. పగలు ఎంత ఎండలో తిరిగినా రాదు. కళ్లు తెరిచి గోడ గడియారం చూస్తే రెండుంబావు. తలంతా రెండు వైపులా బిగపట్టినట్టు ఉంటుంది. పడుకునే ఉంటే ఓర్చుకోలేను. మా వారికి మెలకువ రాకుండా చెప్పులు చేత్తో పట్టుకొని అరుగు మీదికి వస్తాను. సాగర్ రోడ్డు మీద లారీ పోతుంటే టార్పాలిన్ తాడు కొస బాడీకి తగిలి టకటక మంటుంది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా వింటూ కూర్చుంటాను. గంటకో, గంటన్నరకో తగ్గుతుంది. నీ కథకు ఆ చెప్పులు చాలు.

మన నల్లగొండ జిల్లాలో ఏ నొప్పి వచ్చినా ముందు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లనే అంటారు. నన్నూ అన్నారు. ఫ్లోరైడ్ దెబ్బ పళ్ల మీద, ఎముకల మీద, కీళ్ల మీద కనిపిస్తుంది. నాది అది కాదు. మొదట చూపించుకున్న చోట "టెన్షన్ అమ్మా" అని నొప్పి మాత్రలు రాసిచ్చారు. నెలలో సగం రోజులు మింగాను. అట్లా నెలల తరబడి మింగితే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావచ్చని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. ఆ కోపం ఇంకా పోలేదు.

చివరికి దారి చూపించింది ఒక నోటుబుక్కు. లేచిన టైం, తగ్గిన టైం, లేచి ఏం చేశాను, ఈ మూడే రాసేదాన్ని. విశేషణాలు లేవు. హైదరాబాదులో న్యూరాలజీ డాక్టరు రెండు నెలల పేజీలు తిప్పి చూశారు. తలకు స్కానింగ్, రాత్రి బీపీ, నిద్రలో ఊపిరి ఆగుతున్నదేమో పరీక్ష, అన్నీ చేయించాకే పేరు చెప్పారు: హిప్నిక్ తలనొప్పి, అంటే నిద్రలోనే వచ్చి మనిషిని లేపే తలనొప్పి. 1988లో రాస్కిన్ అనే అమెరికా డాక్టరు దీన్ని మొదటిసారి వర్ణించారట. అలారం పెట్టినట్టు వస్తుంది కాబట్టి అలారం తలనొప్పి అని కూడా అంటారు. మెలకువ వచ్చాక పావుగంట నుంచి నాలుగు గంటల దాకా ఉండొచ్చు. మందేమిటంటే పడుకునే ముందు ఒక కప్పు కాఫీ! చాయ్ తప్ప కాఫీ ఎరగని ఇల్లు మాది. నిద్ర చెడుతుందని భయపడ్డాను, చెడలేదు. అందరికీ కాఫీతోనే తగ్గదు, కొందరికి లిథియం, ఇండోమెథాసిన్ లాంటి మందులు ఇస్తారు. నాకు మాత్రం నెలకు పదిహేను రాత్రులున్నది రెండు మూడుకు వచ్చింది.

ఇక ఉత్తరం చివర నువ్వు చిన్నగా రాసిన మాట. "నాకూ ఈమధ్య రాత్రిళ్లు తలనొప్పితో మెలకువ వస్తున్నది" అన్నావు. బిడ్డా, కథ పక్కన పెట్టి ముందు ఇది విను. నా జబ్బు ఎక్కువగా యాభై దాటినవాళ్లకు వచ్చేది. నీకు ఇరవై ఆరు. నా కాఫీ నువ్వు తాగొద్దు. ఒక కన్ను ఎర్రబడి నీరు కారుతుందా, వాంతి వస్తుందా, చూపు మసకబారుతుందా, గురక ఉందా, ఇవన్నీ రాసుకొని ఈ వారమే డాక్టరు దగ్గరికి పో. చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట తడబడినా, ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా వారం ఆగొద్దు, ఆ రాత్రే దవాఖానకు పోవాలి. ఒక్కదానివే పోకు, అమ్మను తీసుకుపో.

డాక్టరు ఏమన్నారో నాకు ఫోన్ చేసి చెప్పు. కథ తర్వాత పంపినా ఫర్వాలేదు. పంపేటప్పుడు మాత్రం నాయనమ్మ ఎన్ని గంటలకు లేచిందో అందులో ఉండాలి.

నీ టీచరమ్మ,
నల్లగొండ