జైల్లో ఉన్నవాడి రోగం ఊరికెందుకు తెలియాలి?

ప్రశ్న: మా తమ్ముడు బైకు దొంగతనం కేసులో నలభై రోజులుగా రిమాండ్‌లో ఉన్నాడు. ఇంతకుముందు వాడి మీద ఏ కేసూ లేదు. అరెస్టు చేసిన రోజే ముసుగు లేకుండా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. వాడికి హెచ్‌ఐవీ ఉంది, దాన్ని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాడు. ములాఖత్‌కు వెళ్లి మందుల డబ్బా ఇస్తే గేటు దగ్గర వార్డరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి ఆ రోగం మాత్రలే కదమ్మా" అని క్యూలో అందరూ వినేలా అడిగాడు. అక్కడ మా పక్క ఊరివాళ్లు ఉన్నారు. మూడో రోజుకల్లా మా వీధిలో తెలిసిపోయింది. వేలిముద్రలు, కనుపాప ఫొటోలు తీసుకున్నారట, రక్తం కూడా ఇమ్మంటున్నారట. పొలం తగాదా ఉన్న మా దాయాదులేమో, జైల్లో వాడిని ఎవరెవరు కలుస్తున్నారో చెప్పమని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టారు. జైల్లో ఉన్నవాడికి ఇవన్నీ దాచుకునే హక్కు ఉంటుందా? – ఒక సోదరి

జవాబు: ఉంటుందమ్మా. అన్నిటికీ ఒకేలా ఉండదు, కానీ ఉంటుంది. ఖైదీ అయినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. అదీ మన విశాఖపట్నం సెంట్రల్ జైల్లోని ఖైదీలు వేసిన కేసులో, భువన్ మోహన్ పట్నాయక్ కేసు అంటారు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఒకే మాటగా చెప్పారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మీ తమ్ముడి గురించిన సమాచారం ఎవరు తీసుకున్నా, ఎవరికి చెప్పినా, ఏ చట్టం కింద, ఎందుకోసం, ఎంతవరకు అని మనం అడగొచ్చు. మీ తమ్ముడికి ఇంకా శిక్ష కూడా పడలేదు, రిమాండ్ ఖైదీ. అది జైలు సిబ్బంది కూడా అప్పుడప్పుడు మర్చిపోతుంటారు.

ముందు మందుల సంగతి. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు, ఏఆర్‌టీ మాత్రలు ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఊళ్లో తెలిసిందన్న బాధలో మీరు ములాఖత్‌కు వెళ్లడం మానేస్తారేమో, లేదా నలుగురికీ తెలుస్తుందని మీ తమ్ముడే మాత్రలు వద్దంటాడేమో అని నా భయం. ఇలాంటివి చూశాను కాబట్టి చెబుతున్నా.

హెచ్‌ఐవీ గురించి మన దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టమే ఉంది. 2017లో చేశారు, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని సెక్షన్ 8 ప్రకారం నమ్మకం మీద తెలిసిన ఒకరి హెచ్‌ఐవీ సంగతిని వాళ్ల సమ్మతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. వైద్యం కోసం ఒక డాక్టరు ఇంకో డాక్టరుకు చెప్పడం, కోర్టు ఆదేశిస్తే చెప్పడం లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. క్యూలో నిలబడ్డవాళ్లకు వినిపించడం అందులో ఎక్కడా లేదు. ఇలాంటి రికార్డులు పెట్టుకునే సంస్థ వాటిని భద్రంగా ఉంచాలని సెక్షన్ 11 చెబుతుంది. కోర్టు విచారణలో తెలిసిన ఇలాంటి సంగతిని బయటపెట్టినవాళ్లకైతే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. ఆ వార్డరు "నాకెవరూ నమ్మకం మీద చెప్పలేదు, డబ్బా మీద ఉంది చదివాను" అని వాదిస్తాడు, నేను అతని తరఫు వకీలునైనా అదే వాదిస్తాను. కానీ ఆ డబ్బా అతని చేతిలోకి వచ్చిందే ఉద్యోగం వల్ల, తనిఖీ కోసం. తనిఖీ చేసే అధికారం ఉన్నంత మాత్రాన చదివింది చాటింపు వేసే అధికారం రాదు.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, జైలు సూపరింటెండెంట్ పేరున ఒక కాగితం రాయండి. అందులో రోగం పేరు రాయకండి, నిజంగానే రాయకండి, ఎందుకంటే ఆ కాగితం ఇన్‌వార్డు గుమాస్తా దగ్గర మొదలై నాలుగు టేబుళ్లు తిరుగుతుంది. "ఫలానా తేదీన ఫలానా సమయంలో ములాఖత్ గేటు దగ్గర నా తమ్ముడి వైద్య సమాచారాన్ని సిబ్బందిలో ఒకరు అందరి ముందు బయటపెట్టారు, ఇకనుంచి మందులు నేరుగా జైలు డాక్టరుకు అందేలా చూడండి" అని రాస్తే చాలు. దాని మీద ముద్ర వేయించుకుని ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ముద్ర వేయం అంటే స్పీడ్ పోస్టు చేయండి, రసీదు ఉంటుంది. ఇంకో కాపీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి ఇవ్వండి. ఆయన జడ్జి, జైలుకు వచ్చిపోతుంటారు, ఆయన ఒక్క మాట అడిగితే గేటు దగ్గర పద్ధతి మారుతుంది. మందులే ఆపేసినా, రోగం ఉందని విడిగా కూర్చోబెట్టినా అప్పుడు ఆ హెచ్‌ఐవీ చట్టం కిందే ఇలాంటి ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో ఉండే అంబుడ్స్‌మన్ అనే అధికారికి ఫిర్యాదు చేయొచ్చు.

వార్డరు మీద క్రిమినల్ ఫిర్యాదు ఇప్పుడే వేయమంటారా అని మీరు అడగలేదు గానీ అడుగుతారు. నా సొంత అభిప్రాయం, తమ్ముడు బయటికి వచ్చేదాకా ఆగండి. లోపల ఉన్నవాడు వాళ్ల చేతుల్లో ఉన్నాడు. ఫిర్యాదుకు గడువు ఎప్పటిదాకా ఉందో మీ వకీలును అడిగి పెట్టుకోండి, సాక్ష్యం మాత్రం ఇప్పుడే భద్రం చేసుకోవాలి: ఆ రోజు క్యూలో ఉన్నవాళ్లలో మాట చెప్పగలిగిన ఒకరిద్దరి పేర్లు రాసి పెట్టుకోండి. రేపు కోర్టుకు వెళ్లినా హెచ్‌ఐవీ చట్టం సెక్షన్ 34 కింద దరఖాస్తు పెడితే అసలు పేరు లేకుండా, తలుపులు మూసి విచారణ జరపమని అడగొచ్చు. చాలామంది వకీళ్లే ఈ సెక్షన్ మర్చిపోయి బెయిలు పిటిషన్‌లో రోగం పేరు పెద్దక్షరాలతో రాసి ఓపెన్ కోర్టులో చదువుతారు. మీ వకీలుకు ముందే చెప్పండి, మెడికల్ కాగితాలు సీల్డ్ కవర్లో ఇవ్వమనండి.

ఇక ఫొటో. ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. అరెస్టయినవాళ్ల పేరు, చిరునామా, ఏ నేరమో ప్రతి స్టేషన్లో, జిల్లా కేంద్రంలో అందరికీ కనబడేలా పెట్టాలని అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం సెక్షన్ 37 చెబుతుంది. మనిషిని ఎత్తుకెళ్లి ఎక్కడున్నాడో చెప్పకుండా దాచే రోజులు మళ్లీ రాకూడదనే ఆ ఏర్పాటు, మన మంచికే. కాబట్టి పేరు బయటికి రావడం మీద మనం ఏమీ అనలేం. కానీ ఆ సెక్షన్లో ఫొటో లేదు. అరెస్టయినవాళ్లను మీడియా ముందు ఊరేగించకూడదని, గుర్తింపు పరేడ్ (సాక్షి చేత నిందితుణ్ని గుర్తుపట్టించడం) జరగాల్సినవాళ్ల మొహాలు చూపించకూడదని కేంద్ర హోంశాఖ 2010 ఏప్రిల్ 1నే రాష్ట్రాలకు సలహా పంపింది. అయినా ప్రెస్‌మీట్లలో వరసగా నిలబెట్టడం మనం చూస్తూనే ఉన్నాం.

ఈ ఫొటో మీ తమ్ముడికి ఒక రకంగా పనికొస్తుంది కూడా. బైకు యజమానో, ఇంకో సాక్షో పరేడ్‌కు ముందే గ్రూపులో ఆ మొహం చూసి ఉంటే, "దొంగను గుర్తుపట్టాను" అనే మాటకు విలువ తగ్గిపోతుంది. అందుకని తేదీ, గ్రూపు పేరు, పంపిన నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. ఆ ఫోను ఎవరిదో వాళ్లు ఆ స్క్రీన్‌షాట్ తమ ఫోన్లోదేనని కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది, కాబట్టి ఫోను మార్చేయకండి, చాట్ డిలీట్ చేయకండి. ఇంకో మాట, కోపంలో "చూడండి మా తమ్ముడికి ఎంత అన్యాయం జరిగిందో" అని ఆ ఫొటోనే మీ బంధువుల గ్రూపులో పెట్టకండి. పెట్టారనుకుంటా, అయితే తీసేయండి.

వేలిముద్రలు, కనుపాప గురించి. 1920 నాటి పాత చట్టం తీసేసి 2022లో క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం తెచ్చారు, ఆ ఏడాది ఆగస్టు 4 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అరెస్టయినవాళ్ల వేలిముద్రలు, అరచేతి ముద్రలు, ఫొటో, కనుపాప స్కాన్, సంతకం వంటివి పోలీసులు గానీ జైలు అధికారులు గానీ తీసుకోవచ్చు, కాదంటే అదే ఇంకో నేరమవుతుంది. రక్తం విషయం వేరు. ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగిన నేరమైతే, లేదా ఏడేళ్లకు తక్కువ కాని శిక్ష పడే నేరమైతే తప్ప, రక్తం లాంటి జీవ నమూనాలు ఇవ్వనని చెప్పొచ్చు. మామూలు దొంగతనానికి, నేరాలకు శిక్షలు చెప్పే బీఎన్‌ఎస్ చట్టం సెక్షన్ 303 కింద గరిష్ఠంగా మూడేళ్లే. ఎఫ్‌ఐఆర్‌లో ఇంకేమైనా సెక్షన్లు కలిపారేమో ఒకసారి చూసుకుని, లేవంటే మీ తమ్ముడు మర్యాదగా "ఇవ్వను" అనొచ్చు. దర్యాప్తు కోసమని మేజిస్ట్రేట్ ఆర్డరు వేస్తే మాత్రం ఇవ్వాల్సిందే. అయితే ముందు ఆ రక్తం ఎందుకో కనుక్కోండి. జైలు డాక్టరు వైద్యం కోసం తీసే రక్తం వేరు, రికార్డు కోసం తీసే నమూనా వేరు. రోగనిరోధక శక్తి ఎంతుందో చూసే సీడీ4 పరీక్షకు రక్తం అడిగితే చట్టం మాట్లాడి వద్దనడం మనకే నష్టం.

ఇలా తీసుకున్నవన్నీ జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) దగ్గర డెబ్బై అయిదేళ్లు ఉంటాయి. ఇంతకుముందు శిక్ష పడనివాడు కేసు కొట్టేయడం వల్ల, విచారణే లేకుండా వదిలేయడం వల్ల బయటపడితే, అప్పీళ్లన్నీ ముగిశాక ఆ రికార్డులు చెరిపేయాలని చట్టంలోనే ఉంది. కోర్టు కారణాలు రాసి వద్దంటే తప్ప. చట్టంలో ఉంది కదా అని దానంతటదే చెరిగిపోతుందని కూర్చోకండి. ఈ రికార్డుల బాధ్యత చూసే నోడల్ అధికారికి దరఖాస్తు పెట్టాలి, దానికి తీర్పు సర్టిఫైడ్ కాపీ కావాలి. కేసు కొట్టేసిన రోజు కోర్టు బయట స్వీట్లు పంచుకుని ఇంటికెళ్లిపోతారు, కాపీ అప్లికేషన్ పెట్టినవాళ్లు పదిమందిలో ఒకరు కూడా నాకు కనబడరు.

దాయాదుల దరఖాస్తుకు టెన్షన్ పడకండి. ఎవరెవరు ములాఖత్‌కు వచ్చారన్నది వ్యక్తిగత సమాచారం, సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె) కింద ఇవ్వనక్కర్లేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సవరణతో ఆ మినహాయింపు ఇంకా గట్టిపడింది (విలేఖరులకు, ఉద్యమకారులకు ఇదే సవరణ ఇబ్బంది పెడుతోంది, అది వేరే కథ). జైలులో ఇలాంటి దరఖాస్తులు చూసే సమాచార అధికారి (పీఐఓ) నుంచి, మీకేమైనా అభ్యంతరమా అని అదే చట్టం సెక్షన్ 11 నోటీసు వస్తే పది రోజుల్లోపు "ఇవ్వొద్దు, మా మధ్య సివిల్ తగాదా ఉంది" అని జవాబివ్వండి. నోటీసు వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే ఒక ఉత్తరం పెట్టినా తప్పులేదు. వకీలు ములాఖత్ దగ్గర ఎవరైనా చెవులు రిక్కించి నిలబడుతుంటే గుర్తుచేయండి, రిమాండ్ ఖైదీ తన వకీలుతో మూడో మనిషి లేకుండా మాట్లాడుకోవచ్చు. జైలు రిజిస్టర్లో కులం గడి ఉండకూడదని కూడా సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న చెప్పింది. అడిగితే చెప్పక్కర్లేదని తమ్ముడికి చెప్పండి.

మీరు అడగని ఇంకొకటి. నలభై రోజులన్నారు. అరవై రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది, కానీ ఆ గడువు దాటిన రోజే మీ వకీలు పిటిషన్ వేయాలి, ఒక్క రోజు ఆలస్యమై ఈలోపు చార్జిషీటు పడితే అవకాశం పోయినట్టే. క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. బెయిలుకు షరతుగా ఫోన్లో గూగుల్ లొకేషన్ ఎప్పుడూ షేర్ చేసి ఉంచమంటే, అది చెల్లదని 2024 జులైలో ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని వకీలుకు గుర్తుచేయండి.

ఈసారి ములాఖత్‌కు వెళ్లేటప్పుడు మాత్రలు ఉత్త డబ్బాతో పట్టుకెళ్లకండి. ప్రిస్క్రిప్షన్‌తో కలిపి ఒక బ్రౌన్ కవర్లో పెట్టి అతికించి, పైన "జైలు వైద్యాధికారి గారికి" అని, కింద తమ్ముడి పేరు, రిమాండ్ నంబరు రాయండి. గేటు దగ్గర తెరవమంటే డాక్టరు ముందు తెరుస్తానని చెప్పండి, ఆ రోజు సూపరింటెండెంట్‌కు ఇచ్చిన కాగితం కాపీ చేతిలో ఉంచుకోండి.