చేప నోరు తెరిచి చూశావా?

తమ్ముడూ,

నువ్వు రాసి పంపిన కథ చదివా. రెండుసార్లు, రెండోసారి పెన్సిలు పట్టుకుని. మన విశాఖ పెద్దజాలరిపేట, తాత, మనవడు, చిరిగిన వల, అంతా బాగానే నడుస్తోంది గానీ మూడో పేజీలో "వెండిలా మెరుస్తున్న ఒక చేప" అని రాసేసి వెళ్లిపోయావు చూడు, అక్కడ ఆగిపోయా. ఏ చేప? వెండిలా మెరిసేవి మన హార్బర్‌లో బుట్టలకొద్దీ దొరుకుతాయి. తాతకి యాభై ఏళ్ల వేట ఉందని నువ్వే రాశావు, మరి ఆయన దాన్ని "ఒక చేప" అనుకుంటాడా?

ఫోన్‌లో అడిగితే బంగారు గీతల సీబ్రీమ్ అన్నావు. మంచి చేప పట్టావు, వదిలేశావు. 1803లో పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు మన విశాఖపట్నం చేపలు రెండొందలకి బొమ్మలేయించి లండన్‌లో పుస్తకం వేశాడు, అందులో ఈ చేప ఉంది, ఇక్కడి వాళ్లని అడిగి పేరు కూడా రాసుకున్నాడు, ఇంగ్లీషు అక్షరాల్లో "చిచ్చిల్లీ" అని. అంతకుముందు ఎర్రసముద్రం దగ్గర ఫోర్స్‌కాల్ అనే ఆయన కూడా ఇదే పని చేశాడు, అరబ్బులు పిలిచే "సర్బా"నే శాస్త్రీయనామంలో పెట్టాడు, 1775లో అచ్చయ్యేసరికి పాపం ఆయనే లేడు. ఎక్కడి నుంచో వచ్చినోళ్లు అడిగి రాసుకుంటే, బీచ్‌రోడ్డులో పుట్టిన నువ్వు అడగలేదేం? ఇప్పుడు పేటలో ఏమంటున్నారో కనుక్కుని అదే పెట్టు.

మొన్న ఒకటి కొనుక్కొచ్చా, జానెడున్నర ఉంది. పళ్లెంలో పెట్టి చూస్తే ఒళ్లంతా వెండే గానీ, పొలుసుల వరసవరసకీ మధ్యలో పసుపుగీత, తల నుంచి తోకదాకా, పాత పట్టుచీర జరీలాగ. కింది రెక్కలు పసుపు. నుదురు మొద్దుగా గుండ్రంగా ఉంటుంది, వీపు మీద పదకొండు ముళ్లు, చెయ్యి అటునుంచి ఇటు పోనిస్తే తెలుస్తుంది. అసలు సంగతి నోట్లో ఉంది. చెంచాతో తెరిచా. ముందర ఉలిలాంటి పళ్లు, లోపల తోలు ఒలిచిన చింతగింజల్లా గుండ్రటి పళ్లు వరసలు వరసలు, అన్నిటికన్నా వెనక పక్కకొక్కటి మాత్రం భలే పెద్దది. ఆ గుండ్రటి పళ్లతోనే గుల్లల్ని, పీతల్ని నలిపి తింటుంది. కూర సంగతి వదిలేసి పళ్లు చూస్తూ కూర్చున్నావా అని మీ వదిన తిట్టింది, అది వేరే విషయం.

నేను కూడా ఒకప్పుడు ఇలాగే తప్పు చేశా. నా కథలో దీన్ని నడిసముద్రంలో, ఎంత లోతో తెలీని నీళ్లలో వలకి పడేశా. చదివించుకున్న ముసలాయన నవ్వేసి "ఇది రాళ్లకాడ మేసే చేప బాబూ, అంత దూరం ఎందుకెల్తాది" అన్నాడు. నిజమే, ఒడ్డుకి దగ్గర్లో రాళ్లూ ఇసకా ఉన్నచోట తిరుగుతుంది, పిల్లలైతే ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే ఏటి మొగల్లో పెరుగుతాయి, భీమిలి దగ్గర గోస్తని కలిసే చోటులాంటివన్నమాట. అందుకే నీ తాత గాలం వేసుకుని రాళ్లమీద కూర్చోవాలి, మనవడు ఎర కట్టాలి, సీనే మారిపోతుంది.

ఇంకోటి, మే నెలలో మరబోట్లన్నీ వేటకెళ్లాయని రాశావు, మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదరా, హార్బర్‌లో బోట్లు కట్టేసి ఉంటాయి. ఇది మాత్రం క్షమించను.

ఈ జాతిలో కొన్ని ముందు మగవిగా ఉండి తర్వాత ఆడవిగా మారతాయని చదివి నువ్వు వెంటనే సింబల్ చేసేస్తావు, తెలుసు నాకు. ఆగు. ముందు చేప చేపలా కనబడనీ, అది ఏం తింటుందో, గాలానికి పడ్డాక ఎలా గుంజుతుందో తాత చేతుల్లో చూపించు.

ఒకరోజు తెల్లారగట్ల హార్బర్‌కి వెళ్లి ఒకటి కొను, బేరం ఆడు, బేరంలో వచ్చే మాటలు కూడా రాసుకో. మళ్లీ రాసి పంపేటప్పుడు ఆ పెద్ద పన్ను ఒకటి ఊడదీసి కాగితంలో చుట్టి పట్రా, నాది వదిన పారేసింది.